కోడిపిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే

(తిరుపతిలో పెరటి కోళ్లు పెంచుకునే మహిళల సమావేశంలో, పాకాల వైపు నుంచి వచ్చిన ఒక కోళ్ల రైతు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. అక్కలకు, చెల్లెళ్లకు, వెనక నిలబడిన అన్నలకు కూడా.

నేను టీకాల గురించి మాట్లాడదామని వచ్చాను. కానీ ఇందాక టీ తాగేటప్పుడు ఈ ముందు వరసలో కూర్చున్న అక్క తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఒక ఫోటో. ఐదు వారాల పిల్ల. తోక మొదట్లో ఈకల్లేవు, తోలు లేదు, ఎర్రగా గుంట పడింది. "పిల్లి పట్టిందేమో అనుకున్నానమ్మా. తెల్లారి కూర్చుని చూస్తే, దాంతో పాటు పెరిగిన పిల్లలే పొడుస్తున్నాయి" అంది. అంటుంటే గొంతు పట్టేసింది ఆ అక్కకి. అందుకని టీకాల సంగతి ఇంకోరోజు చెప్పుకుందాం. ఈరోజు పొడుచుకోవడం గురించే మాట్లాడతాను.

మీలో ఎంతమంది ఇళ్లలో ఇది జరిగింది? చేతులెత్తండి. సిగ్గుపడకండమ్మా, ఎత్తండి. చూశారా, సగం మందికి పైనే. నా చెయ్యి కూడా పైకే ఉంది.

మనం మనుషుల గురించి కూడా అంటాం కదా, "వాళ్లు నన్ను పొడుచుకు తింటున్నారు" అని. కోళ్లను చూసి పుట్టిన మాటే అయ్యుంటుంది. అయితే కోళ్లలో పొడవడం అంతా ఒకటి కాదు. రెండు రకాలున్నాయి. ఈ రెండింటికీ తేడా తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. తెలియకపోతే, వదిలేయాల్సిన చోట గాభరాపడతాం, పరుగెత్తాల్సిన చోట కూర్చుంటాం.

మొదటి రకం చెబుతాను. మూడు వారాలు దాటిన పిల్లల్ని చూడండి. రెండు పిల్లలు ఎదురెదురుగా నిలబడతాయి. రొమ్ము విరుచుకుంటాయి, మెడ మీద ఈకలు లేస్తాయి, ఒకదాని కళ్లల్లోకి ఒకటి చూస్తుంది. ఎగిరి ఒక తన్ను, తల మీద ఒక పోటు. ఒకటి తల దించుకుని పక్కకు పోతుంది. అంతే, అయిపోయింది. రెండోది వెంటపడి తరమదు. రేపు అదే తొట్టి దగ్గర అవే రెండు కలిస్తే, ఓడింది తనంతట తనే పక్కకు జరుగుతుంది. పొడవాల్సిన పని కూడా ఉండదు.

ఇది వరస తేల్చుకోవడం. మందలో ఎవరు ముందు, ఎవరు వెనక అని. నార్వే దేశంలో షెల్డెరుప్ ఎబ్బె అనే ఆయన చిన్నప్పటి నుంచి కోళ్లను చూస్తూ చూస్తూ, ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో రాసుకుని, 1921లో ఈ వరస గురించి మొదటిసారి వివరంగా రాశాడు. పొడవడంలో కూడా ఒక వరస ఉంది అని లోకానికి చెప్పింది ఆయనే. మన అవ్వలకు ఈ సంగతి తెలియదా? తెలుసు. "ఆ నల్లపెట్ట పెద్దరికం చేస్తాది" అనేవాళ్లు కదా. వాళ్లు రాసిపెట్టలేదు, అంతే.

ఈ వరస పిల్లల్లో దాదాపు ఎనిమిది పది వారాలకల్లా తేలిపోతుంది. ఇందులో మనం చెయ్యి పెట్టకూడదు. నేను చూస్తుంటాను, కొంతమంది రెండు పిల్లలు ఎగరగానే పరుగెత్తుకెళ్లి ఒకదాన్ని తీసి వేరే గంప కింద పెడతారు, సాయంత్రం మళ్లీ వదులుతారు. ఏమవుతుంది? తేలబోయిన తగువు మళ్లీ మొదటికొస్తుంది. రెండ్రోజుల్లో ముగిసేది పది రోజులు సాగుతుంది. రక్తం లేదు, ఓడింది పారిపోయేందుకు చోటుంది, తర్వాత రెండూ మేత తింటున్నాయి అంటే వదిలేయండి. చూస్తూ ఉండండి, కానీ చెయ్యి పెట్టకండి.

ఇక రెండో రకం. ఇందులో కోపం ఉండదు. ఎదురెదురు నిలబడటం ఉండదు. ఒక పిల్ల తన పాటికి తాను పడుకుని ఉంటుంది. ఇంకొకటి వెనక నుంచి మెల్లగా వచ్చి, గింజ ఏరుకున్నట్టు దాని తోక దగ్గర ఈక పట్టి లాగుతుంది. లాగి తింటుంది కూడా. పడుకున్నది మొదట్లో పట్టించుకోదు. ఇంకోసారి, ఇంకోసారి. ఇలా మొదలవుతుంది.

మూడు వారాల నుంచి ఆరు వారాల లోపు పిల్లకు నూగు పోయి అసలు ఈకలు వస్తుంటాయి. ఆ వచ్చే ఈక మొదలు నీలంగా, గొట్టంలా ఉంటుంది, మీరు చూసే ఉంటారు. దాని నిండా రక్తమే. అది విరిగితే చుక్క రక్తం బయటికి వస్తుంది. కోడికి రంగులు మనకన్నా బాగా తెలుస్తాయి. ఎర్రచుక్క కనబడిందా, ఇక మిగతా పిల్లలన్నీ అక్కడికే వస్తాయి. ఒకటి పొడిస్తే చూసి పది నేర్చుకుంటాయి. గంటలో పిల్ల పోతుంది. గంటలో అంటే గంటలోనే, నేను ఎక్కువ చేసి చెప్పడం లేదు.

ఇది నాకెలా తెలుసు? చెబుతాను.

నేను మొదటిసారి అరవై పిల్లల్ని తెచ్చాను. ఏప్రిల్ నెల. రేకుల గది. ఒక రోజు వయసు పిల్లలు అరచేతిలో రెండు పట్టేంత ఉన్నాయి, వాటికి ఆ గది మైదానంలా కనిపించింది నాకు. నెల తిరిగేసరికి పిల్లలు నాలుగింతలైనాయి, గది మాత్రం అంతే ఉంది. పైన వంద వాట్ల బల్బు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. తొట్టి ఒక్కటే. కింద ఒట్టి సిమెంటు నేల, కడగడానికి సులువని. పుత్తూరులో మా చిన్నాన్న కూతురి పెళ్లి ఉంటే పొద్దున్నే తలుపేసి వెళ్లాను. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే ఏడు పిల్లలు పడి ఉన్నాయి. తోక దగ్గర నుంచి లోపలికి తినేశాయి. మిగిలినవాటి ముక్కులకు రక్తం. పెళ్లి చీర మీదే కింద కూర్చుండిపోయాను.

ఆ కోపంలో, పొడిచిన పిల్లల్ని పట్టుకుని తిట్టాను. మా పక్కింటి పెద్దమ్మ, అప్పటికే డెబ్బై ఏళ్లు ఆమెకు, లోపలికి వచ్చి చూసింది. చూసి ఒకే మాట అడిగింది. "పిల్లల్ని తిట్టబాకమ్మా. అవి గీరుకునేదానికి నువ్వు నేలిచ్చినావా?" అని. 

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కోడి ముక్కు ఎందుకుంది? పొడవడానికే. బయట వదిలేసిన కోడిని ఒక పూట చూడండి. గీకుతుంది, పొడుస్తుంది, రెండడుగులు వెనక్కి వేసి చూస్తుంది, మళ్లీ గీకుతుంది. పగలులో ఎక్కువ భాగం దానికి అదే పని. ఆ పని మనం లాగేసుకుంటే ముక్కు ఊరికే ఉంటుందా? నేల మీద పొడవాల్సిన పోటు పక్క పిల్ల ఈక మీద పడుతుంది. 

తల్లి కింద పెరిగిన పిల్లల్లో ఈ ఈకలు పీకే అలవాటు తక్కువ. ఎందుకో గమనించారా? తల్లి కొక్ కొక్ అని పిలిచి, ముక్కుతో గింజను ఎత్తి పడేసి, "ఇదిగో, ఇది తినాలి, ఇక్కడ పొడవాలి" అని చూపిస్తుంది. అలిసిపోతే రెక్కల కింద చీకట్లో పడుకోబెట్టుకుంటుంది. పడుకున్న పిల్ల ఆడుకునే పిల్లకు కనబడదు. బల్బు కింద పెరిగే పిల్లకు ఎవరు చూపిస్తారు? తల్లి లేని పిల్లల్ని తెచ్చుకున్నామంటే తల్లి పని మనదే.

షెడ్డులో ఏం చూడాలి

ఇంటికి వెళ్లగానే మీరు చేయాల్సింది ఒకటి చెబుతాను. షెడ్డులోకి వెళ్లి నిలబడి చూడకండి. పీట వేసుకుని పిల్లల ఎత్తుకు కూర్చోండి. పదిహేను నిమిషాలు కదలకండి. మొదట బెదిరిపోతాయి, తర్వాత మిమ్మల్ని మరిచిపోయి వాటి పని అవి చేసుకుంటాయి. అప్పుడు తెలుస్తుంది మీకు, ఎక్కడ ఇబ్బందో.

ముందు చోటు. నాలుగు వారాల వరకు పిల్లకు అర చదరపు అడుగు ఉండాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాల వరకు ఒక చదరపు అడుగు. ఆ పైన రెండు. మీకు యాభై పిల్లలున్నాయి, ఆరు వారాలు. ఎంత చోటు కావాలి? పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. అంతకు తక్కువుంటే ఓడిన పిల్ల పారిపోయేది ఎక్కడికి? గోడకు ఆనుకుని నిలబడుతుంది. పొడిచేదానికి అది "నేను లొంగను" అన్నట్టు కనబడుతుంది. ఇంకా పొడుస్తుంది. పాపం దానికి లొంగిపోవడానికి కూడా చోటు లేదు.

తొట్టి లెక్క కూడా అంతే ముఖ్యం. ఐదారు వారాల పిల్ల తినడానికి నిలబడాలంటే ఐదు సెంటీమీటర్లు కావాలి, మూడు వేళ్లు అనుకోండి. రెండడుగుల పొడవు తొట్టి, రెండు వైపులా తింటే ఇరవై నాలుగు పిల్లలకు సరిపోతుంది. యాభై ఉంటే? కనీసం రెండు తొట్లు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. రెండు తొట్లూ పక్కపక్కన పెట్టకండి. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల. పెత్తనం చేసే పిల్ల ఒక తొట్టినే కాపలా కాయగలదు, రెంటినీ కాయలేదు. నీళ్ల డబ్బాలు కూడా అలాగే. మన తిరుపతి ఎండలు మీకు చెప్పక్కర్లేదు, మే నెలలో నలభై దాటుతుంది. నీళ్ల దగ్గర కూడా తోపులాట ఉంటే ఇక పొడుచుకోక ఏం చేస్తాయి?

వేడి గురించి చాలామంది పొరపాటు పడుతున్నారు. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ తర్వాత వారానికి ఐదు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి అని శిక్షణలో చెబుతారు, నిజమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో మన గదిలో మధ్యాహ్నం ఆ వేడి బల్బు లేకుండానే ఉంటుంది. అయినా బల్బు వేసే ఉంచుతాం. పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతూ, రెక్కలు దించుకుని, దీపానికి దూరంగా మూలల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నచోటే పొడుచుకోవడం మొదలు. పిల్లలు బల్బు కింద కుప్పగా చేరితే చలి. గోడలకు అంటుకుంటే వేడి. గదంతా సమంగా పరుచుకుని ఉంటే సరిగ్గా ఉన్నట్టు. థర్మామీటర్ లేదని బాధపడకండి, పిల్లలే చెబుతాయి.

వెలుతురు కూడా తగ్గించండి. వంద వాట్ల తెల్ల బల్బు కింద ప్రతి చిన్న గాయం మెరుస్తుంది. వేడి కావాల్సిన రోజుల్లో ఎర్ర బల్బు వాడితే రక్తం వేరుగా కనబడదు, పిల్లలు నెమ్మదిగా ఉంటాయి. ఎలక్ట్రికల్ షాపులో ఎర్ర బల్బు అని అడగండి. మామూలు బల్బుకు ఎర్ర కాగితం చుట్టకండి, ఆ వేడికి అంటుకుంటుంది, కింద పొట్టు ఉంటుంది, గది మొత్తం పోతుంది. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కిటికీలోంచి ఎండ నేరుగా పిల్లల మీద పడుతుంటే గోనెపట్టా కట్టండి. గాలి రావాలి, ఎండ పడకూడదు.

మేత దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. ఖర్చు తగ్గిద్దామని పిల్లలకు నూకలు, రాగులు, మొక్కజొన్న రవ్వ మాత్రమే వేస్తాం. కడుపు నిండుతుంది, కాదనను. కానీ ఈక అంటే ఏమిటమ్మా? దాదాపు మొత్తం మాంసకృత్తే, ప్రొటీనే. పిల్ల దాణాలో 20 శాతం ప్రొటీన్ ఉండాలి. మొక్కజొన్నలో తొమ్మిది దాకా ఉంటుంది, నూకల్లో ఇంకా తక్కువ. ఒళ్లంతా ఈకలు మొలిపించుకోవాల్సిన వయసులో ప్రొటీన్ లేకపోతే పిల్ల ఏం చేస్తుంది? పక్కదాని మీద మొలిచిన ఈకనే పీకి తింటుంది. దానికి ఆకలేస్తోంది. మనకు అది రౌడీలా కనబడుతోంది.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వేరుశనగ చెక్కకు కరువు లేదు. మంచి ప్రొటీన్. అయితే రెండు జాగ్రత్తలు. బూజు వాసన వస్తే ఒక్క పిడికెడు కూడా వేయకండి. వేరుశనగకు పట్టే ఆ బూజు విషం పిల్లల కాలేయాన్ని తినేస్తుంది. రెండోది, ఈక కట్టడానికి కావాల్సిన మిథియోనిన్ అనేది వేరుశనగ చెక్కలో తక్కువ. నువ్వుల చెక్కలో ఎక్కువ. అందుకని రెండూ కలిపి వేయండి. ఐదారు వారాల వరకైనా కంపెనీ స్టార్టర్ దాణా పెట్టగలిగితే ఇంకా మంచిది, ఖర్చు అనుకోకండి. చచ్చిపోయిన పిల్ల అంతకన్నా ఖర్చు.

ఉప్పు తక్కువైనా పొడుచుకుంటాయి. ఈ మాట విని ఎవరూ ఇంటికెళ్లి గుప్పెడు ఉప్పు వేయకండి, దండం పెడతాను. ఉప్పు ఎక్కువైతే పిల్లలు చచ్చిపోతాయి. ఇంట్లో కలుపుకునే మేత అయితే కిలోకు మూడు గ్రాములు, దానికి మించి వద్దు. ఎండుచేపల పొడి కలుపుతుంటే అందులోనే ఉప్పు ఉంటుంది, మళ్లీ వేయొద్దు. కొన్న దాణాలో ముందే కలిపి ఉంటుంది, దాంట్లో అసలు వేయొద్దు.

ఇంకొకటి, పేలు. రెక్క ఎత్తి, తోక కింద ఈకలు విడదీసి చూడండి. దురద పుట్టి తనను తాను పొడుచుకుంటుంది, గాయమవుతుంది, మిగతావి చూస్తాయి. కొన్ని పురుగులు పగలు కనబడవు, గూటి కర్రల పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. రాత్రి టార్చి వేసి చూడండి.

ముక్కుకు పని

పెద్దమ్మ మాట విన్నాక నేను చేసింది చెబుతాను. సిమెంటు నేల మీద మూడు అంగుళాల మందం వేరుశనగ పొట్టు పరిచాను. వరి ఊక అయినా పర్వాలేదు. పిల్లలు చిన్నవిగా ఉన్న మొదటి మూడు నాలుగు రోజులు పొట్టు మీద కాగితం వేయండి, లేకపోతే మేత అనుకుని పొట్టే తినేస్తాయి. ఆ తర్వాత కాగితం తీసేసి, రోజుకు రెండుసార్లు ఒక గుప్పెడు రాగులో నూకలో ఆ పొట్టులో చల్లేదాన్ని. అవి తినడానికి కాదు, వెతకడానికి. గుప్పెడు రాగులు వెతకడానికి పిల్లలకు గంట పడుతుంది. ఆ గంటసేపు ఏ పిల్లా ఇంకో పిల్ల జోలికి పోదు.

మునగాకు రెమ్మలు, తోటకూర, అవిసాకు కట్ట కట్టి, పిల్ల మెడ చాస్తే అందేంత ఎత్తులో వేలాడదీయండి. కింద పడేస్తే తొక్కి పాడుచేస్తాయి. వేలాడుతుంటే పొడిచినప్పుడల్లా ఊగుతుంది, మళ్లీ పొడుస్తాయి. ఇందాక తోకను పొడిచిన ముక్కే ఇప్పుడు ఆకును పొడుస్తోంది. మునక్కాయల కాలంలో కొమ్మలు కొట్టేస్తారు కదా, పారేయకండి.

పాత టైరో, వెడల్పు తట్టో తీసుకుని ఇసుక, పొయ్యి బూడిద కలిపి పోయండి. అందులో పొర్లాడుతాయి. పేలు తగ్గుతాయి, మనసూ చల్లబడుతుంది. రెండు ఇటుకల మీద ఒక కర్ర అడ్డంగా పెట్టండి, నాలుగో వారం నుంచి ఎక్కి కూర్చోవడం నేర్చుకుంటాయి. ఎక్కి కూర్చున్న పిల్ల తోక కిందున్నదానికి అందదు.

మా పెద్దమ్మ నేర్పిన ఇంకో పని ఉంది. మీలో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. పాత కుండలో తడిపిన పేడ, చిరిగిన గోనె ముక్కలు, గడ్డి నింపి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించి పెట్టాలి. తెల్లారేసరికి కుండ నిండా చెదపురుగులు. తెచ్చి పిల్లల మధ్య దులిపితే చూడాలి వాటి సంబరం! రూపాయి ఖర్చు లేని ప్రొటీన్. ముక్కుకు పనికి పని.

ఇక రక్తం కనబడిన రోజు ఏం చేయాలి? అక్కా, ఇది మీ కోసమే చెబుతున్నాను. 

గాయపడిన పిల్లను ఆ నిమిషంలోనే తీసేయాలి. అన్నం తిని వచ్చి చూద్దాం అనుకోకూడదు. గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, తుడిచి, వేపనూనెలో పసుపు కలిపి రాయండి. మందుల షాపులో నీలంమందు, జెన్షన్ వయొలెట్ దొరికితే అది ఇంకా మంచిది, ఎరుపును కప్పేస్తుంది. ఎర్రమందు రాయకండి. ఎరుపు మీద ఎరుపు వేస్తే ఇంకా పొడుస్తాయి. ఎండాకాలం గాయం మీద ఈగలు వాలి ఒక్క రోజులో పురుగు పడుతుంది, అందుకే వేపనూనె, అందుకే రోజూ రెండు పూటలా చూడటం. గాయం లోతుగా ఉంటే, పిల్ల తినకపోతే పశువుల డాక్టరుకు చూపించండి. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉంది. కోడిపిల్లే కదా అని మొహమాటపడకండి.

ఆ పిల్లను ఎక్కడో చీకటి గదిలో ఒంటరిగా పెట్టకండి. అదే షెడ్డులో జాలీ కట్టి, అవతల మిగతావి కనబడేలా పెట్టండి. కోడికి ఒంటరితనం పెద్ద బాధ. దానికి తోడుగా నెమ్మదస్తురాలైన ఒక పిల్లను కూడా పెట్టండి. పూర్తిగా మానాక, ఈకలు కప్పాక, ఇద్దరినీ కలిపి వదలండి. చాలా రోజులు దూరంగా ఉన్నది ఒక్కటే తిరిగి వస్తే మందకు అది కొత్త కోడే.

తీసేయాల్సింది దెబ్బ తిన్నదాన్నే కాదు, పొడిచినదాన్ని కూడా. అరవై పిల్లల్లో మొదలుపెట్టేది ఒకటో రెండో ఉంటాయి. పీట మీద కూర్చుని చూశారంటే తెలిసిపోతుంది. దాని కాలికి గుర్తుగా దారం కట్టి, మూడు రోజులు గంప కింద ఉంచండి, మేత, నీళ్లు, ఆకు బాగా పెట్టి. శిక్ష అనుకోకండి. అది లేని మూడు రోజుల్లో మంద వరస మారుతుంది. తిరిగి వచ్చినప్పుడు దాని పెత్తనం ఉండదు. దెబ్బ తిన్నదాన్నే ఎప్పుడూ బయటికి తీసి, కొట్టినదాన్ని ఇంట్లో ఉంచడం సరి కాదు కదా.

ముక్కు కోయడం గురించి అడుగుతారు. గుడ్ల ఫారాల్లో యంత్రంతో, నేర్చుకున్నవాళ్లు చేస్తారు, వాళ్ల లెక్క వేరు. మన ఇళ్లలో కొంతమంది కొడవలి కాల్చి ముక్కు కొసను కాలుస్తున్నారని విన్నాను. అమ్మా, చేయకండి. ముక్కు కొసలో నరాలు ఉంటాయి, మన వేలి కొసలా. నొప్పితో మేత మానేస్తుంది. గాయం మానినా, మొద్దు ముక్కుతో పెరట్లో పురుగును ఎలా పట్టుకుంటుంది? పెరటి కోడి బతికేదే ఆ ముక్కుతో. చోటు, మేత, పని సరిచేయకుండా ముక్కు కాలిస్తే, బాధ దానికి మిగిలింది, కారణం మన దగ్గర మిగిలింది.

కొత్త పిల్లల్ని పాత మందలో కలపడం కూడా అడిగారు ఇందాక ఒక చెల్లెలు. ముందు పదిహేను రోజులు దూరంగా పెట్టి జబ్బు లేదని చూసుకోండి. తర్వాత ఒక వారం జాలీ అవతల, ఒకరికొకరు కనబడేలా, అందకుండా. ఆ తర్వాత రాత్రి పూట, అన్నీ నిద్రపోయాక కలపండి. పొద్దున లేచేసరికి పక్కనే ఉంటుంది, తగువు తగ్గుతుంది. ఒక్కదాన్ని ఎప్పుడూ కలపకండి, రెండు మూడు కలిపి వదలండి. ఆ రోజు ఇంకో తొట్టి అదనంగా పెట్టండి. బోర్లించిన బుట్ట, పాత తలుపు గోడకు వాల్చడం, ఇలా దాక్కునే చోట్లు ఉంచండి. అయితే నెల పిల్లను మూడు నెలలదానితో కలపకండి, ఎంత జాగ్రత్త పడినా అది అన్యాయమే. అసిల్ జాతి పిల్లల్ని వనరాజా, గ్రామప్రియ లాంటివాటితో కలిపి పెంచకండి. వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పెరటి కోసమని తయారుచేసినవి, నెమ్మదైనవి. అసిల్ రక్తంలోనే పోరు ఉంది, అరచేతంత ఉన్నప్పుడే తగువులాడతాయి. పుంజుల్నైతే మూడు నాలుగు నెలలకే విడదీయాలి.

తల్లితో పెరిగే పిల్లలకు ఇబ్బందే లేదని చెప్పినట్టున్నాను ఇందాక. ఒక ఇబ్బంది ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒకరోజు తల్లి తన పిల్లల్నే పొడిచి తరిమేస్తుంది. నిన్నటిదాకా గింజ ఏరి పెట్టిన ముక్కే. దానికి మళ్లీ గుడ్లు పెట్టే కాలం వచ్చింది, దాన్ని తప్పు పట్టలేం. కానీ ఆ పిల్లల పరిస్థితి చూడండి. నిన్నటిదాకా తల్లి పక్కన ఉన్నాయని ఏ కోడీ జోలికి రాలేదు. ఈరోజు మందలో అందరికన్నా కింద అవే. ప్రతి పెట్టా పొడుస్తుంది. మేత దగ్గరికి రానివ్వవు. రాత్రి గూట్లో చోటివ్వవు. చాలా పిల్లలు ఈ రెండు వారాల్లోనే చిక్కిపోయి, గద్దకో పిల్లికో దొరికిపోతాయి. జబ్బు చేసింది అనుకుంటాం మనం.

ఆ రెండు వారాలు వాటికి మీరు ఉండాలి. మా ఇంట్లో చేసే పని చెబుతాను. పెద్ద గంప బోర్లించి, దాని అంచు కింద మూడు చోట్ల రాళ్లు పెట్టండి. పిల్ల దూరేంత సందు ఉండాలి, పెద్ద కోడి దూరకూడదు. లోపల మేత, నీళ్లు. రెండు రోజుల్లో పిల్లలు నేర్చుకుంటాయి. ఎవరు తరిమినా పరుగెత్తి వచ్చి గంప కింద దూరి, తీరిగ్గా తింటాయి. పెట్టలు చుట్టూ తిరిగి తిరిగి వెళ్లిపోతాయి. 

సరే, టైం అయిందని అటు నుంచి సైగ చేస్తున్నారు.

అక్కా, మీరు అడిగారు కదా, ఆ పిల్ల బతుకుతుందా అని. ఫోటోలో దాని కళ్లు తెరిచే ఉన్నాయి, నిలబడే ఉంది. లోపలి పేగు తెగకపోతే బతుకుతుంది, ఈకలు కూడా మళ్లీ వస్తాయి. ఇంటికి ఫోన్ చేసి మీ అబ్బాయితో దాన్ని ఇప్పుడే వేరే తీయించండి. సాయంత్రం దాకా ఆగొద్దు. మీ ఊరు మా బస్సు దారిలోనే కదా, నేను దిగి చూసి వెళతాను. పీట ఒకటి సిద్ధంగా పెట్టండి.